కృత్రిమ మోకాలికి కందెన ఎక్కడిది?

"సిస్టరమ్మా, ఎక్కువ నడిస్తే కొత్త మోకాలు అరిగిపోదా?" ఆపరేషన్ అయిన మూడో వారం వచ్చిన ఒక పెద్దమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆ భయంతో ఆమె మంచం దిగడమే మానేసింది. మోకాలు సగం కూడా వంగడం లేదు. ఇలాంటి భయం చాలామందికి ఉంది కనుక ఈసారి దీని గురించి తెలుసుకుందాం.

సహజమైన కీలు

ఎముకల చివర మనం గుజ్జు అని పిలిచే నున్నని మృదులాస్థి ఉంటుంది. కీలు లోపలి పొర నుండి గుడ్డు తెల్లసొనలాంటి జిగట ద్రవం ఊరుతుంది. ఈ రెండింటి వల్ల రాపిడి చాలా తక్కువగా ఉంటుంది.

కృత్రిమ కీలు

తొడ ఎముక చివర సాధారణంగా కోబాల్ట్-క్రోమియం తొడుగు, కింది ఎముక మీద లోహపు పళ్లెం, మధ్యలో పాలిఎథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంటాయి. బండి ఇరుసుకు పెట్టినట్టు డాక్టరుగారు ఏ కందెనా పెట్టరు. ఆపరేషన్ తరువాత కీలు చుట్టూ తిరిగి ఏర్పడే పొర నుండి మళ్లీ ద్రవం ఊరుతుంది. అదే కందెన. అయితే అది లోహాన్ని, ప్లాస్టిక్‌ను పూర్తిగా విడదీయలేదు. అందుకే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అరుగుదల ఉంటుంది.

జారితే చాలదు

1950ల చివరలో ఇంగ్లండులో డాక్టర్ జాన్ చార్న్‌లీ తుంటి కీలుకు టెఫ్లాన్ వాడారు. నాన్‌స్టిక్ పెనాలకు పూసేది అదే. అది బాగా జారింది, కానీ కొన్నేళ్లలోనే అరిగిపోయింది. ఆ పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీసింది. 1962లో ఆయన పాలిఎథిలీన్‌కు మారారు. మోకాళ్లకూ తరువాత అదే వచ్చింది. దీని పొడి కూడా ఎక్కువైతే, దాన్ని మింగిన రక్షక కణాల ప్రతిచర్య వల్ల చుట్టూ ఎముక కరిగి కీలు వదులవుతుంది.

అయినా భయపడనక్కరలేదు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, పూర్తిగా మార్చిన మోకాళ్లలో 100కి సుమారు 82 25 ఏళ్లు పనిచేస్తాయి.

మీరు చేయవలసినవి

1. చెప్పిన వ్యాయామాలు, నడక మానకండి. కదలకపోతే కీలు బిగుసుకుపోతుంది.
2. బరువు తగ్గించుకోండి. నడిచేటప్పుడు మోకాలిపై శరీర బరువుకు 2 నుండి 3 రెట్లు భారం పడుతుంది.
3. పరుగు, గెంతడం వద్దు. కింద కూర్చోవడం గురించి మీ సర్జన్‌ను అడగండి.
4. పైన రాసిన నూనె కీలులోకి వెళ్లదు. మానని గాయం మీద అసలే రాయకండి.
5. నొప్పి లేకుండా అప్పుడప్పుడు టక్కుమనే శబ్దం సాధారణమే. అది లోహం ప్లాస్టిక్‌కు తగిలే చప్పుడు.
6. ఎరుపు, పెరుగుతున్న వాపు, చీము, జ్వరం ఉంటే సొంతంగా మాత్రలు మింగకుండా వెంటనే రండి.
7. అరుగుదల మొదట్లో నొప్పి పెట్టదు. బాగున్నా చెప్పిన తేదీకి వచ్చి ఎక్స్‌రే తీయించుకోండి.

ఆ పెద్దమ్మకు ఇదంతా విడమరచి చెప్పాం. మరుసటి నెల ఆమె చేతికర్ర పట్టుకుని, తనంతట తానే వార్డు దాకా నడిచి వచ్చింది.