ఇల్లు కూడా పొలం లాంటిదే, ఒక్కసారిగా మార్చకండి

పై వీడియోలో మా వంటిల్లు, పెరడు చూపించాను కదా. అందులో టైం సరిపోక చెప్పలేని విషయాలు, ముఖ్యంగా నేను చేసిన తప్పులు, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి, ఐదెకరాల్లో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను. బియ్యం, గానుగ నూనె నేరుగా ఇళ్ళకి అమ్ముతాను. మూడేళ్ళ క్రితం ఒక కస్టమర్ బియ్యం కోసం మా ఇంటికి వచ్చారు. మాటల్లో "మీ ఇంట్లో కూడా ఈ నూనేనా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా పాప "కాదు ఆంటీ, మేము ప్యాకెట్ నూనె వాడతాం" అనేసింది. ఆవిడ నవ్వి ఊరుకున్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోషంలో సంక్రాంతి వెళ్ళగానే అన్నీ ఒకేరోజు మార్చేసాను. తెల్ల బియ్యం బదులు దంపుడు బియ్యం, ప్యాకెట్ నూనె బదులు గానుగ నూనె, షాంపూ బదులు కుంకుడుకాయ. పిల్లలు కంచం ముందు కూర్చుని ఏడుపు. కుంకుడు రసం కళ్ళల్లో పడి ఇంకో ఏడుపు. "పొయ్యి దగ్గర నిలబడేది నేను, నిర్ణయాలు మాత్రం మీవి" అంది మా ఆవిడ. ఇరవై రోజుల్లో అన్నీ మళ్ళీ మొదటికే వచ్చాయి.

అంతటితో అయిపోతే బాగుండేది. అమ్మకి పదేళ్ళుగా షుగర్. "ఈ బియ్యం తింటే షుగర్ దారికొస్తుందమ్మా" అని నేను గొప్పగా చెప్పిన మాట నమ్మి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. మంచి బియ్యమే కదా అని ఇంకో రెండు ముద్దలు ఎక్కువే తింది. ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. షుగర్ నాలుగు వందలు దాటింది. డాక్టర్ గారు అమ్మని ఏమీ అనలేదు. "మాత్రలు మానమని ఎవరు చెప్పారు?" అని నన్నే అడిగారు. మానమని నేను చెప్పలేదు. కానీ మానేసేలా మాట్లాడింది నేనే.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. పొలంలో నేనెప్పుడూ ఇలా తొందరపడలేదు. మొదటి ఏడాది అరెకరంలోనే యూరియా మానేసి, జీవామృతం ఇచ్చి, నేల ఎలా ఉందో చూసుకుని, తర్వాతే పక్క మడికి వెళ్ళాను. మట్టికి ఇచ్చిన టైం ఇంట్లోవాళ్ళకి ఇవ్వలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి: ఒకసారికి ఒకే మార్పు, అది అలవాటయ్యాకే రెండోది. మేము ఏ వరుసలో వెళ్ళామో చెప్తాను.

1. బియ్యం

కొత్త రకాల జోలికి పోలేదు. పిల్లలకి అలవాటైన బీపీటీ బియ్యాన్నే సింగిల్ పాలిష్ పట్టించాం. పాలిష్ ఎక్కువైతే తవుడుతో పాటు పీచు, బి విటమిన్లు పోతాయి. మొదట మూడు గ్లాసుల తెల్ల బియ్యానికి ఒక గ్లాసు సింగిల్ పాలిష్. రెండూ ఒకేసారి ఉడకవు కాబట్టి సింగిల్ పాలిష్‌ని విడిగా గంటసేపు నానబెట్టి తర్వాత కలపాలి, నీళ్ళు కాస్త ఎక్కువ పోయాలి. సగం సగానికి రావడానికి మాకు మూడు నెలలు పట్టింది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఈ బియ్యం త్వరగా ముక్కవాసన వస్తాయి, పురుగు కూడా పడుతుంది. నెలకి సరిపడానే కొనండి. అమ్మేవాడినే చెప్తున్నా, బస్తాలు కొనొద్దు.

2. నూనె

ముందు తాలింపుకి, పచ్చళ్ళకి మాత్రమే గానుగ వేరుశనగ నూనె వాడాం. గింజని బట్టి కిలో నూనెకి రెండున్నర కిలోల దాకా పప్పు పడుతుంది, అందుకే ధర ఎక్కువ. ఆ ఖర్చుకి మా ఆవిడే దారి చూపించింది: నూనె వాడకం తగ్గించింది. ఏ నూనె అయినా కొవ్వే, గానుగదని గరిటెలు గరిటెలు పోస్తే లాభం లేదు.

3. దోమలు

కాయిల్ మానేసి మొదట వేపాకు పొగ పెట్టాను. పాపకి దగ్గు తగ్గలేదు. వేపాకు పొగ కూడా పొగే కదండీ! ఇప్పుడు దోమతెర కడుతున్నాం. ప్రతి శుక్రవారం కూలర్, కుండీల కింద పళ్ళేలు, పాత టైర్లలో నీళ్ళు పారబోస్తాం. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి తప్పకూడదు.

4. వంటింటి చెత్త, ఆకుకూరలు

చిల్లులు పెట్టిన పాత బకెట్‌లో ఒక వంతు కూరగాయ తొక్కలకి రెండు వంతులు ఎండాకులు వేసి, గుప్పెడు మట్టి చల్లండి. వారానికి రెండుసార్లు కలపండి. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఎండాకులు వేయండి. రెండు మూడు నెలల్లో ఎరువు తయారు.

కుండీలకి జీవామృతం: పది లీటర్ల నీళ్ళకి అర కిలో ఆవు పేడ, అర లీటరు ఆవు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి. నీడలో ఉంచి పొద్దున, సాయంత్రం కలపాలి. 48 గంటల తర్వాత పది రెట్లు నీళ్ళు కలిపి మొదట్లో పోయండి. పేడ కలిసింది కాబట్టి ఆకుల మీద పడనివ్వద్దు, కోసిన ఆకుకూర బాగా కడగండి. తోటకూర నెల రోజుల్లో కోతకి వస్తుంది. పాప తను వేసిన తోటకూర కాబట్టి మాట్లాడకుండా తింటోంది.

మేము మార్చనివి

అమ్మ మాత్రలు మార్చలేదు. డాక్టర్ గారు చెబితేనే మారతాయి. దంపుడు బియ్యమైనా బియ్యమే, అమ్మకి అన్నం కొలతే. అయోడిన్ ఉప్పు కూడా మార్చలేదు. సైంధవ లవణంలో సరిపడా అయోడిన్ ఉండదు, పైగా బీపీ ఉన్నవాళ్ళకి ఏ ఉప్పైనా తగ్గించాల్సిందే.

బట్టల పౌడర్ ఇంకా ప్యాకెట్‌దే అండి, దాచేదేం లేదు. కుంకుడుకాయ మాత్రం ఈమధ్యే మళ్ళీ వచ్చింది, ఆదివారాలు, పెద్దవాళ్ళ తలకి మాత్రమే.

మీరు కూడా ఈ నెల ఒక్కటి మొదలుపెట్టండి. ఏది ముందో మీరొక్కరే తేల్చకండి, పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళని అడగండి. బియ్యం నానబెట్టడం, జీవామృతం కలపడం పై వీడియోలో చూపించాను, ఒకసారి చూసి చేయండి. ఉంటానండి.