ప్రభువు బల్లకు రానున్న మనుమనికి

దుమ్ముగూడెము



నీ జాబు చేరినది. బిషప్పుగారు మన గురుమండలమునకు విచ్చేయుదురనియు, వారు నీ తలపై చేతులుంచి ప్రార్థించి కన్ఫర్మేషను ఇచ్చిన దినముననే నీవు మొదటిసారి ప్రభురాత్రి భోజనములో పాలుపొందుదువనియు మీ అమ్మ నాకు ముందే చెప్పియుండెను గాని, ఆ వార్త నీ దస్తూరిలో చదువుకొనుట మరియొక సంతోషము. నీవు నన్ను అడిగినవి రెండు: చేతులెట్లు పట్టవలెను, గిన్నె యెట్లు అందుకొనవలెను. ఇవిగాక జాబు అడుగున "నాకు ఇంకను యోగ్యత లేదేమో" అని వ్రాసి, దానిపై రెండు గీతలు గీచితివి. నా కండ్లజోడు పాతదే గాని గీతల క్రింది అక్షరములు కనబడకపోలేదు. కొట్టివేసిన ఆ మాటకే మొదట బదులు చెప్పెదను.

మన తెలుగు సంఘములలో, ఎవరు మొదలుపెట్టిరో గాని, ఒక అలవాటు పాతుకొనిపోయినది. ప్రసంగము ముగిసి అయ్యగారు బల్లయొద్దకు నడచుసరికి వెనుక చాపలమీదివారు మెల్లగా లేచి చెప్పులు వెదకికొందురు. కారణమడిగినచో ఇంటిలో మాటామాటా వచ్చినదనియో, అప్పు తీర్చలేదనియో, మనసు బాగుండలేదనియో చెప్పి, "ఈ నెల బల్ల తీసుకోనులెండి" అందురు. పౌలు కొరింథువారికి వ్రాసిన మొదటి పత్రికలో పదునొకండవ అధ్యాయమున అయోగ్యముగా తినుటను గూర్చి చేసిన హెచ్చరికను వారు విన్నారు. ఆ హెచ్చరిక ఏ తప్పునకు చేయబడెనో మాత్రము వినలేదు. కొరింథులో కలిగినవారు ముందుగా వచ్చి కడుపునిండ తిని త్రాగి మత్తిల్లుచుండగా, కూలిపని ముగించుకొని ఆలస్యముగా వచ్చిన పేదలు ఆకలితో చూచుచు కూర్చుండిరి. అపొస్తలుని ఆగ్రహము దానిపైన. తన్ను తాను పరీక్షించుకొనుమని చెప్పినవాడు, పరీక్షించుకొని ఇంటికి పొమ్మని యెచ్చటను చెప్పలేదు; పరీక్షించుకొని తినుమనియే చెప్పెను. మన పెద్దలు వాడుకొన్న 1662వ సంవత్సరపు ఆంగ్లేయ ప్రార్థనా పుస్తకమైతే, సంఘస్థుడు సంవత్సరమునకు మూడు పర్యాయములకు తగ్గకుండ, అందులో ఈస్టరు ఒకటిగా, బల్లకు రావలెనని నియమమే చేసినది. బల్లను సమీపించుటకు ముందు అందరును కలిసి చెప్పు ప్రార్థన, 1548లో మొదట ఆంగ్లభాషలో వెలువడినది, మాకు ఏ అర్హతయు లేదని ఒప్పుకొనుటకే రచింపబడినది. అర్హత సంపాదించుకొని వచ్చినవాడు ఆ ప్రార్థన చెప్పుట యెట్లు?

కనుక నాయనా, శనివారపు రాత్రి నీవు చేయవలసిన పరీక్ష నీ పుణ్యమును తూచికొనుట కాదు. ఎవరితో మాటలు మానితివి, ఎవరి సొమ్ము నీ చేతిలో ఉన్నది, ఎవరిని చూచి దారి తప్పించుకొని పోవుచున్నావు, వీనిని జ్ఞాపకము చేసికొనుట. గట్టు తగాదా యైనను, అన్నదమ్ముల పంపకమైనను, ఆదివారమునకు ముందు నీవై నడచిపోయి తలుపు తట్టుము. అవతలివాడు తలుపు తీయకపోయినచో ఏమి చేయవలెనని నీవు అడుగుదువు. ఆ పాత పుస్తకము వ్రాసినవారు మనుష్యుల నెరిగినవారు: పగ పట్టియున్న ఇరువురిని సమాధానపడువరకు బల్లకు రానీయవలదని గురువునకు ఆజ్ఞాపించిన వెంటనే, వారిలో ఒకడు మనఃపూర్వకముగా క్షమించి తన తప్పు దిద్దుకొన సిద్ధపడి, రెండవవాడు మొండిపట్టు విడువకున్నచో, పశ్చాత్తాపపడినవానిని చేర్చుకొని మొండివానిని నిలుపవలెనని తీర్పును కూడ చేర్చిరి. ఇంతకంటె న్యాయమైన మాట మన పంచాయతీలలోనైనను నేను తరచుగా వినలేదు.

మన ఊరి గుడి యెట్లు వచ్చెనో నీకు తెలియవలెను. తెలిసినచో గిన్నెను గూర్చి నేను చెప్పబోవునది సులభముగా బోధపడును. ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన తరువాత, గోదావరిమీద పడవలను ఎగువకు, మధ్యపరగణాల వరకు నడిపించు సంకల్పముతో, రాళ్లు అడ్డుపడిన మన దుమ్ముగూడెమునొద్ద ఆనకట్టయు కాలువయు లాకులును కట్టు పనికి పూనుకొనిరి. ఆ పనిలోని ఇంజనీరు హేగు అనునతడు చుట్టునున్న కోయవారిని చూచి, వీరికి సువార్త చెప్పువారు లేరే యని చింతించి, చర్చి మిషనరీ సొసైటీవారిని పురికొల్పెను. 1860వ దశకపు తొలినాళ్లలో ఇచ్చట పరిచర్యకు పూనుకొన్నవాడు సీమదొర గాదు, వేంకటరామరాజు అను తెలుగువాడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొర దశాబ్దముల తరబడి ఇచ్చటనే యుండి, కోయల ఆచారములను గూర్చి వ్యాసములు ప్రకటించి, లూకా సువార్తను వారి భాషలోనికి తెచ్చెను. పడవల పథకము ఖర్చు భరింపలేక 1871లో సర్కారువారు మానివేసిరి. నౌకాయానము కొరకు కట్టినది వ్యర్థమైనది. ఆ పనికి వచ్చినవాడు దారిలో చేసిన పని నిలిచినది. చరిత్రలో నాకు నచ్చిన లెక్కలలో ఇది యొకటి.

ఇట్లు కూడిన సంఘములో కోయ కుటుంబములున్నవి, మాల కుటుంబములున్నవి, మాదిగ కుటుంబములున్నవి, దిగువనుండి వలస వచ్చినవారున్నారు. ఎవరి కుండనీరు ఎవరు ముట్టవచ్చునను లెక్క వీరందరును తల్లిపాలతోనే నేర్చినవారు. ఇటువంటి జనము మోకాళ్లూని ఒకే గిన్నెకు పెదవి తాకించుట యనగా మాటలా? 1912లో డోర్నకలునకు బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూలు అజరయ్యగారు, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు, కులమును గుడి గుమ్మము దాటి లోనికి రానీయరాదని తమ జీవితాంతము పెనగులాడిరి. ఆ పెనుగులాట ముగిసినదని చెప్పుటకు నాకు నోరు రాదు. ప్రసంగమునకు తల యూచి, పాటకు గొంతు కలిపి, గిన్నె తమవరకు వచ్చుసరికి ప్రక్కనున్నవానిని ఓరకంట చూచి వెనుకాడినవారిని నేను చూచితిని. మనుష్యుని విశ్వాసము నోటిలో ఎంత, నరములలో ఎంత అని తెలియునది ఆ క్షణముననే.

నీ హైదరాబాదు స్నేహితులు చిన్నచిన్న గ్లాసులలో తీసుకొందురని వ్రాసితివి. అదియు ప్రభుభోజనమే, తప్పు పట్టకుము. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైయున్న ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనల్ సంఘములవారు ఒక్కటైరి. ఎవరి యింటి వాడుక వారు వెంట తెచ్చుకొనిరి. కరోనా కాలమున లోకమంతట అనేక సంఘములు ఉమ్మడి గిన్నెను ఆపివేసినవి, అదియు వివేకమే. కాని రోగభయము వేరు, రోతయను నెపము వేరు. జలుబో జ్వరమో ఉన్న దినమున రొట్టె మాత్రము పుచ్చుకొని గిన్నెకు వినయముగా తల వంచి ఊరకుండుము, ఏమియు తక్కువకాదు. ఒడలు బాగుండిన దినమున మాత్రము, ముందు త్రాగినవాడెవడో చూడకుము. పెండ్లి బంతిలో ప్రక్క విస్తరి యెవరిదని అడిగి కూర్చుండువాడు పెండ్లివారిని అవమానించినట్లే.

ఇక నీవు అడిగినదానికి వచ్చెదను. శనివారము సాయంకాలమే అయ్యగారిని కలిసి, రేపు బల్లలో పాలుపొందెదనని చెప్పుము. ముందుగా తెలుపుట పాతనియమము, నేడు చాలమంది మరచినది. ఉదయమున ఏమియు తినకుండ వచ్చుట కొందరి అలవాటు. చేయగలిగినచో మంచిదే గాని, కడుపు మండుచు ప్రార్థన విననివాని ఉపవాసమునకంటె ఇంత గంజి త్రాగి వచ్చుట మేలని నా అభిప్రాయము. చెప్పులు గుమ్మమునొద్ద విడిచి, ముందు వరుసలలో కూర్చుండుము. పాపపు ఒప్పుకోలునకు మోకరించునప్పుడు శనివారపు రాత్రి జ్ఞాపకము చేసికొన్న పేర్లను మనసులో పలుకుము.

కానుకలకు ముందు సమాధానము అందించుకొందుము. అయ్యగారు బల్లయొద్దివారికి, వారు ముందు వరుసవారికి, అట్లు ఒకరినుండి యొకరికి చివరి చాపవరకు అది పోవును. ఇచ్చువాడు తన కుడి అరచేతిని ఎదుటివాని కుడి అరచేతికి ఆనించును. ఇరువురును ఎడమచేతులతో ఒకరి కుడిచేతిని ఒకరు మూయుదురు. పట్టణములలో దీనిని చిన్న నమస్కారముతో సరిపెట్టుచున్నారట. నీవు చేతులు పట్టుకొనుము. దాని వెంటనే రొట్టెయు, ద్రాక్షారసమును, కానుకలును, వంటకు కొలుచునప్పుడు ఆడవారు పిడికెడు చొప్పున తీసి దాచిన బియ్యమును బల్లయొద్దకు తెత్తురు. ద్రాక్షతోటలు లేని మన మన్యమున ఎండుద్రాక్ష నానవేసి పిండిన రసము బల్లమీదికి వచ్చిన దినములు గలవు. ఇప్పసారా వలన ఎన్ని కొంపలు కూలెనో చూచినవారమగుటచే, మత్తులేని ఆ రసమును గూర్చి మాలో ఎవరును గొణుగలేదు.

పిలుపు వచ్చినప్పుడు తొందరపడక నీ వరుసతో లేచి వెళ్లి, కమ్మీయొద్ద మోకాళ్లూనుము. మోకరించుట వినయమునకును కృతజ్ఞతకును గుర్తనియు, రొట్టెరసములను పూజించుటకు కాదనియు ఆ పాత ప్రార్థనా పుస్తకమే వివరించినది. ఎడమ అరచేతిపై కుడి అరచేతిని, వ్రేళ్లు దగ్గరగా చేర్చి, గుండె ఎత్తున పట్టుము. రాజు వేంచేయుటకు ఎడమచేతిని కుడిచేతికి సింహాసనముగా చేయుమని నాలుగవ శతాబ్దమున యెరూషలేము బిషప్పైన సిరిల్ క్రొత్తగా బాప్తిస్మము పొందినవారికి నేర్పెను. నీకు నేను నేర్పుచున్నది అదే. వ్రేళ్లతో గిల్లి తీసికొనకుము. అయ్యగారు రొట్టెను నీ చేతిలో ఉంచి మాట చెప్పినప్పుడు "ఆమేన్" అని వినబడునట్లు పలికి, అరచేతినుండియే నోటికి చేర్చుము. పలుకు రాలకుండ చూచుకొనుము. గిన్నె వచ్చినప్పుడు ఇచ్చువాని చేతిమీదనే భారమంతయు విడువక, అడుగున నీ చేయి వేసి నీవే మెల్లగా పెదవికి వంచుకొనుము. మీసముల వెనుక నీ నోరెక్కడున్నదో అయ్యగారు కనుగొనలేరు. గుక్క కాదు, చుక్క చాలును. రొట్టెను రసములో ముంచుకొను పద్ధతియు కొన్నిచోట్ల కలదు గాని, పదిమంది మునివ్రేళ్లు మునిగిన రసముకంటె, ప్రతివాని తరువాత గుడ్డతో తుడిచి త్రిప్పి యిచ్చు గిన్నె అంచే శుభ్రమని నాకు తోచును.

నీతో ఒక మిత్రుడు వచ్చుననియు, అతడు క్రైస్తవుడు కాడనియు వ్రాసితివి. నిరభ్యంతరముగా తోడ్కొనిరమ్ము. అందరును లేచినప్పుడు అతడు కూర్చుండియే యుండవచ్చును, లేదా నీతో వచ్చి చేతులు రొమ్ముపై అడ్డముగా మడిచి మోకరించినచో అయ్యగారు తలపై చేయి ఉంచి ఆశీర్వదింతురు. చుట్టునున్నవారు తేరిపార చూడకుండ నేను ముందే చెప్పి ఉంచెదను. మధ్యాహ్నమున అతనిని పర్ణశాలకు తీసికొనిపొమ్ము. ఇంతదూరము వచ్చి అది చూడకపోయినచో వాని తల్లి మనలను క్షమింపదు.

ఒక సంగతి చెప్పక విడువరాదు. 1986 ఆగస్టున గోదావరి భద్రాచలమునొద్ద 75 అడుగులు దాటినప్పుడు దారులు తెగి, ఊళ్లు దీవులైనవి. ఏరు దాటి అయ్యగారు రాలేని అటువంటి దినములలో, మంచము పట్టిన ముసలివారు సంస్కారము లేకుండనే పోవుదుమేమోయని కన్నీరు పెట్టుకొందురు. రోగి సంస్కారమును గూర్చిన పాతక్రమములోనే దీనికి ఊరట కలదు: ఏ న్యాయమైన అడ్డంకిచేతనైనను రొట్టెయు రసమును నోటికి అందకపోయినను, నిజముగా పశ్చాత్తాపపడి, క్రీస్తు మరణమును నమ్మి కృతజ్ఞత చెల్లించువాడు ఆయనను పుచ్చుకొన్నవాడే యని దానిలో గురువు రోగికి తెలుపవలెనని యున్నది. నోరు ముట్టుకొనలేకపోయినను చేతులు చాచినవానికి అందునని చెప్పు పుస్తకము, యోగ్యత లేదని నీవు గీతలు గీచిన మాటను ఒప్పుకొనునా?

పుచ్చుకొని వచ్చి నీ చోట మరల మోకరించుము. మిగిలిన రొట్టెరసములను అయ్యగారు అచ్చటనే భక్తితో ముగింతురు. అంతవరకు బయటికి పరుగెత్తకుము, సెల్‌ఫోను తీయకుము. నీ బాప్తిస్మపు పత్రము మీ అమ్మ ఇనుపపెట్టెలో, భూమి కాగితముల క్రింద ఉన్నది. అది లేనిదే అయ్యగారు నీ పేరు కన్ఫర్మేషను జాబితాలో ఎక్కింపరు. బస్సు ఎక్కుటకు ముందే తీసి సంచిలో పెట్టుకొనుము. భద్రాచలములో దిగినప్పుడు చీకటిపడినచో మా యింటికి ఫోను చేయుము, బండి పంపెదను.

ఇట్లు,
నీ తాతయ్య