ముఖాన మంగు, అరచేతుల్లో దురద
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: నాకు ఐదో నెల. చెంపల మీద, ముక్కు మీద మంగు వచ్చింది. మందుల షాపుల అడిగి మా ఆయన ఒక ట్యూబు తెచ్చిండు. నాలుగు రోజులకే తెల్లబడ్డది. ఇట్లనే పెట్టుకోవచ్చా? అత్తమ్మ రోజూ పాలల్ల కుంకుమపువ్వు వేసిస్తుంది.
- ఒక సోదరి, జగిత్యాల

జవాబు: ఆ ట్యూబు ఈరోజే ఆపండి. ఇంత చప్పున తెలుపు తెచ్చేవాటిలో చాలావరకు మూడు మందులు కలిసి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఈ పేర్లున్నాయేమో చూడండి. రాసుకున్న హైడ్రోక్వినోన్‌లో మూడో వంతుకు పైగా చర్మం గుండా రక్తంలో కలుస్తుంది. ట్రెటినాయిన్ విటమిన్ 'ఎ' జాతిది. ఆ జాతి మాత్రలు కడుపులో బిడ్డకు అవయవలోపాలు తెస్తాయి, అందుకే పూతమందు కూడా గర్భిణులకు వద్దంటారు. ఇక స్టెరాయిడ్ మానగానే మంగు తిరగబెడుతుంది. ఇన్ని రోజులు రాసుకున్నానే అని బెంగ పెట్టుకోకండి, వచ్చే చెకప్‌కు ట్యూబు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

మంగును ముదరబెట్టేది ఎండ. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ వాడొచ్చు. పల్చటి కొంగు ఎండను ఆపదు, గొడుగు పట్టండి. కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి మంగు దానంతటదే పలచబడుతుంది.

పాలు మానకండి. కుంకుమపువ్వుతో మాత్రం బిడ్డ రంగు మారదు. అత్తమ్మకు మెల్లగా చెప్పి, ఆ డబ్బుతో గుడ్లు, పండ్లు తెప్పించుకోండి.

ప్రశ్న: ఎనిమిదో నెల నడుస్తుంది. రాత్రి అరచేతులు, అరికాళ్లు దురద పెడ్తే నిద్ర ఉండదు. దద్దుర్లు ఏమీ లేవు. ఇప్ప నూనె రాస్తున్నం, తగ్గుతలేదు.
- ఒక సోదరి, ఉట్నూరు

జవాబు: అమ్మా, ఇది నూనెతో పోయే దురద కాకపోవచ్చు. పొట్ట సాగినప్పుడు బొడ్డు చుట్టూ వచ్చే దురదైతే ఇప్ప నూనో కొబ్బరి నూనో రాస్తే సరిపోయేది. దద్దురు లేకుండా, అరచేతుల్లో అరికాళ్లలో, రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద కాలేయంలో పైత్యరసం సరిగా పారకపోవడం వల్ల రావచ్చు. ఆ రసంలోని ఆమ్లాలు రక్తంలో బాగా పెరిగితే నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదమూ ఉంది.

రేపే 102కు ఫోన్ చేసి అమ్మ ఒడి బండిలో ఆదిలాబాద్ రిమ్స్‌కు వెళ్లండి. "అరచేతులు, అరికాళ్లు దురద, రాత్రి ఎక్కువ" అని ఈ మాటలే చెప్పండి. కాలేయం పరీక్ష, బైల్ యాసిడ్ పరీక్ష చేయమని అడగండి. మొదటిసారి మామూలుగా వచ్చినా దురద తగ్గకపోతే మళ్లీ చేయించాలి. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కళ్లు పచ్చబడినా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. "కడుపుతో ఉంటే దురదలు మామూలే" అని ఎవరన్నా సరే, వినకండి.

ప్రశ్న: బీడీలు చేస్త. ఆరో నెల. వేళ్ల కొసలు పగిలి మండుతున్నయి. ఏం రాయాలె?
- ఒక సోదరి, కోరుట్ల

జవాబు: పగుళ్లకు పడుకునేముందు వ్యాజలిన్ రాయండి. కానీ నా భయం పగుళ్ల గురించి కాదు. ఒళ్లో చాట, నానబెట్టిన తునికాకు, తడి వేళ్లకు అంటుకునే తంబాకు: నికోటిన్ చర్మం గుండా ఎక్కడానికి ఇంతకన్నా అనువు లేదు, పగిలిన చోట మరీ. అది మాయకు రక్తం తీసుకెళ్లే నాళాలను బిగిస్తుంది, బిడ్డ బరువు సరిగా పెరగకపోవచ్చు. కాన్పయ్యేదాకా మానగలిగితే మానండి. ఇల్లు గడవదంటే గంటలు తగ్గించండి, గాలి ఆడే అరుగు మీద కూర్చోండి, పుండు పడ్డ వేలికి గుడ్డ చుట్టండి, తినే ముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడగండి. తంబాకు దులిపే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి.

ప్రశ్న: బాబుకు నాలుగో నెల. దువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తుంది.
- ఒక సోదరి, మంచిర్యాల

జవాబు: కడుపుతో ఉన్నప్పుడు రాలకుండా నిలిచిన వెంట్రుకలే ఇప్పుడు ఒక్కసారిగా రాలుతున్నాయి. బాబుకు ఏడాది నిండేసరికి చాలామందికి మళ్లీ ఒత్తవుతుంది. అప్పటికీ ఆగకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. పాలిచ్చే తల్లి డాక్టరును అడగకుండా మినాక్సిడిల్ రాయకూడదు. బాలింత పథ్యమని పప్పు, గుడ్డు, ఆకుకూర మాన్పిస్తే జుట్టుకూ నష్టమే, మీకూ నష్టమే. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి, చాయతో కాకుండా నిమ్మకాయ నీళ్లతో.