కంప్యూటరు స్వరానికి శ్రుతి కలపడం

ఫిజిక్సు లాబొరేటరీలో 256 అంకె చెక్కిన శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకోని సైన్సు విద్యార్థి ఉండడు. అదే శ్రుతిని కంప్యూటరు చేత పలికించాలంటే మాత్రం ఒక చిన్న భాగహారం దగ్గర చిక్కొస్తుంది.

సాఫ్ట్‌వేర్ సింథసైజరులో స్వరం పుట్టించే పాత పద్ధతుల్లో ఒకటి, ఒకే తరంగాన్ని అంకెల వరుసగా దాచుకొని, దాన్ని తిరగలిలా మళ్ళీ మళ్ళీ తిప్పడం. బెల్ లాబొరేటరీస్‌లో మాక్స్ మాథ్యూస్ 1957లో మొదలుపెట్టిన ప్రోగ్రాముల పరంపరలోనే ఈ ఊహ ఉంది. అమిగా కంప్యూటరుకు 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కీ రాసిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ వచ్చాక, మెమరీకి కరువైన ఆ రోజుల్లో, కుర్రకారు ఇలాంటి పొట్టి తరంగాలతో పాటలకు పాటలే కట్టేశారు.

ఇక లెక్క. సి.డి. ధ్వనిలో సెకనుకు 44,100 బిందువులుంటాయి. 256తో భాగిస్తే ఒక్కో ఆవర్తనానికి వచ్చేవి 172.27 బిందువులు. పావు బిందువంటూ ఉండదు గదా! పోనీ అని 172తో సరిపెట్టుకుంటే పౌనఃపున్యం 256.4 హెర్ట్జ్ అవుతుంది. ఆమాత్రం తేడాకేముందిలే అనిపిస్తుంది. కచ్చితమైన శ్రుతిదండం పక్కన మోగించి చూడండి, రెండున్నర సెకన్లకొకసారి ధ్వని ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. పాఠంలో చదువుకున్న విస్పందనాలే ఇవి. షడ్జంగా పెట్టుకొని పాడబోతే పక్కన తంబురాతో కలవక ప్రాణం విసుగెత్తిపోతుంది.

పై స్థాయిలో ఇంకా ఘోరం. పియానోలో 1975.5 హెర్ట్జ్ నిషాదానికి ఆవర్తనం 22.32 బిందువులు. 22 తీసుకున్నామంటే స్వరం 25 సెంట్లు హెచ్చిపోతుంది. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. అంటే పావు మెట్టు అపశ్రుతి అన్నమాట.

మందు ఆ భాగహారంలోనే ఉంది. ఒక ఆవర్తనం బదులు నాలుగు కలిపి తిప్పండి. నాలుగింటికి 689.06 బిందువులు. 689 తీసుకుంటే పౌనఃపున్యం 256.02. ఇప్పుడు విస్పందనం 43 సెకన్లకొకసారి. అంతసేపు ఊపిరి బిగబట్టి పాడేవాళ్ళెవరు? అదీ వద్దంటే 64 ఆవర్తనాలు సరిగ్గా 11,025 బిందువుల్లో ఇముడుతాయి. శేషం సున్న. కాని అది పావు సెకను పొడుగు, పొట్టి శాంపుల్ అన్న పేరు పోతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. వలయం అతకాలి గదా అని మొదటి బిందువునే చివర మరోసారి రాశాను. 172 కాస్తా 173 అయింది, శ్రుతి ఏడు సెంట్లకు పైగా దిగిపోయింది. తప్పు చెవిలో ఉందేమోనని రెండు రోజులు చూసుకున్నాను! చివరి బిందువు తరవాత రావలసినదే మొదటి బిందువు, దాన్ని మళ్ళీ రాయకూడదు. వేవ్ ఫైలులో వలయం హద్దులు రాసేటప్పుడూ ఇంతే, ముగింపు బిందువు కూడా మోగుతుంది కనుక 689 బిందువులకు 0 నుంచి 688 అని రాయాలి.

నాలుగు ఆవర్తనాల పద్ధతిలో ఒక ప్రమాదముంది. వీణ రికార్డులోంచి నాలుగు ఆవర్తనాలు కోసి తిప్పితే, అవి నాలుగూ అచ్చంగా ఒకేలా ఉండవు. అందుచేత నాలిగింటికొకసారి తిరిగొచ్చే తేడా 64 హెర్ట్జ్ గుర్రుగా కింద వినిపిస్తుంది. కనుక ఒక్క ఆవర్తనాన్నే తీసుకొని, ఫోరియర్ చూపిన దారిలో అనుస్వరాలుగా విడగొట్టి, ఆ అనుస్వరాల్ని 689 బిందువుల మీద నాలుగు సార్లు పట్టేట్టు తిరిగి కట్టాలి. గుర్రు పోతుంది, అతుకు దగ్గర టిక్కుమనే చప్పుడూ పోతుంది.

అనుస్వరాలు ఎన్నుంచాలి? 22,050 హెర్ట్జ్ దాటినవి మడతపడి అపస్వరాలై వెనక్కొస్తాయి. 256 దగ్గర 86 దాకా పడతాయి. అదే శాంపుల్‌ని రెండు స్థాయిలు పైన వాయిస్తే 21 మించకూడదు. పై స్థాయికి వేరే శాంపుల్ చేసుకోవడమే మేలు.

మరో మాట. సాఫ్ట్‌వేర్ మెట్ల మీద మధ్యస్థాయి సి 256 కాదు, 261.63. శ్రుతిదండానికి కట్టిన శాంపుల్‌ని అక్కడ అలాగే పెడితే సుమారు 38 సెంట్లు తగ్గి పలుకుతుంది. ఆ మెట్టుకే కట్టుకోవాలంటే రెండు ఆవర్తనాలకు కలిపి 337 బిందువులు చాలు, తేడా ఒక్క సెంటు కూడా రాదు.