వంశవృక్షంతో వేదికెక్కే ముందు

అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వచ్చింది. మరుసటి జనవరిలో టీవీ సీరియల్‌గా రావడంతో అమెరికాలో తాతముత్తాతల ఆచూకీ తీసే ఉత్సాహం మామూలు ఇళ్లకూ పాకింది. ఆ పుస్తకాన్ని సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేస్తే మన దగ్గరా ఎందరో చదివి కళ్లు తుడుచుకున్నారు. చదివి ఊరుకోకుండా సొంత తరాల లెక్క తీసి, ఆ కాగితాలు పట్టుకుని వంశావళి సదస్సులకు బయల్దేరదామనుకునే వాళ్లూ ఉన్నారు. ఈసారి ప్రశ్నలన్నీ వాళ్లవే.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటోంది. సాల్ట్‌లేక్ సిటీలో జరిగే రూట్స్‌టెక్ సదస్సుకు మా ఇద్దరినీ తీసుకెళ్తానంటోంది. అక్కడ మా పూర్వీకుల వివరాలు దొరుకుతాయా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సదస్సులో దొరకవు. అక్కడ నేర్పేది వెతికే పద్ధతి.

రూట్స్‌టెక్‌ను ఫ్యామిలీసెర్చ్ సంస్థ 2011లో మొదలుపెట్టింది. కొవిడ్ వల్ల 2021లో మొత్తం ఆన్‌లైన్‌కు మారితే పది లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఇప్పటికీ చాలా ప్రసంగాలను ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడవచ్చు. వాటి కోసమే అయితే విమానం టికెట్ దండగ. అంత దూరం వెళ్లడానికి అసలు కారణం, సదస్సు భవనం నుంచి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్న ఫ్యామిలీసెర్చ్ గ్రంథాలయం. ప్రవేశం ఉచితం. ఈ సంస్థ మూలాలు 1894 నాటివి. 1938 నుంచి దేశదేశాల రికార్డులను మైక్రోఫిల్మ్ తీస్తూ వచ్చి, దాదాపు 24 లక్షల చుట్టల డిజిటైజేషన్‌ను 2021లో పూర్తి చేసింది. సదస్సుకు రెండు రోజులు ముందే చేరుకుని ఆ సమయం గ్రంథాలయంలో గడిపితే ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది.

అయితే అక్కడున్న భారతీయ రికార్డుల్లో హరిద్వార్ పండాలు రాసే వంశావళి పుస్తకాలు (బహీలు), చర్చి రిజిస్టర్ల వంటివి ఉన్నాయి గానీ, గోదావరి తీరపు రైతు కుటుంబానికి పనికొచ్చే రెవెన్యూ కాగితాలు మన దగ్గరే ఉన్నాయి. కుటుంబానికి ఒకప్పుడు ఇనాం భూమి ఉంటే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడాలి. ఇనాం మొదట ఎవరికిచ్చారు, రిజిస్టర్ రాసిన నాటికి ఎవరి అనుభవంలో ఉంది అన్న వివరాలు అందులో ఉంటాయి. ముందు ఆ పుట నకలు సంపాదించి, దాన్ని వెంట తీసుకెళ్లడం మేలు. చేతిలో కాగితం ఉంటే అక్కడి నిపుణుణ్ణి సూటిగా ఒక ప్రశ్న అడగవచ్చు. లేకపోతే ‘మా వంశం గురించి చెప్పండి’ అని అడగాల్సి వస్తుంది. దానికి ఎవరూ జవాబు చెప్పలేరు.

ప్రశ్న: డర్బన్‌లో పుట్టి పెరిగిన తెలుగు మిత్రుడు ఒకాయన తన ముత్తాత ఊరు వెతకడానికి వస్తున్నాడు. ఓడ జాబితాలో జిల్లా ‘నార్త్ ఆర్కాట్’ అని ఉందట. అది తమిళనాడు కదా, వాళ్లు తెలుగువాళ్లు ఎలా అవుతారు?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అడిగిన పాఠకుడి ఊరే ఇందుకు జవాబు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతవరకు చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకే ముఖ్య కేంద్రం. కూలీల తొలి ఓడ ట్రూరో మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది 1860 నవంబర్ 16న. డర్బన్ ఉన్న నేటాల్‌కు ఇలా కూలీలను పంపడం 1911లో ఆగిపోయింది. ఆ మధ్యకాలంలో వెళ్లినవాళ్లు 1,52,184 మంది. అంటే చిత్తూరు జిల్లా పుట్టిన ఏడాదే ఓడలు ఆగిపోయాయి. కాబట్టి పలమనేరు మనిషైనా, తిరుపతి దగ్గరి మనిషైనా ఆ జాబితాల్లో ఉత్తర ఆర్కాటు వాడిగానే కనిపిస్తాడు. ఇచ్ఛాపురం, టెక్కలి వైపు వాళ్లదీ ఇదే తంతు. 1936 వరకు ఆ తాలూకాలు గంజాం జిల్లాలో ఉండేవి గనుక ‘గంజాం’ అని చూసి ఒడియా కుటుంబం అనుకుంటే పొరపాటే.

జాబితాలో ఒక్కొక్కరికీ వరుస సంఖ్య, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. పేర్లను గుమస్తా తన చెవికి వినిపించినట్టు రాశాడు. అందుకే ఆ మిత్రుడు టైపు చేసిన పేరు ఒక్కటే పంపితే చాలదు. మొత్తం వరుస ఫొటో పంపమనాలి. ఊరి పేరును పైకి చదివించి స్థానికుల చేత వినిపించుకుంటే, కంటికి చిక్కనిది చెవికి చిక్కుతుంది.

ఇలాంటి వాళ్లను కలవడానికి వంశావళి సదస్సులే అక్కర్లేదు. ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో, 1990లో మారిషస్‌లో జరిగాయి. అవి భాషాసాహిత్యాల సభలే. కానీ భోజనాల బల్ల దగ్గర ‘మీదే ఊరు?’ అన్న ప్రశ్న పడగానే సగం సభ ఓడల కథల్లోకి వెళ్లిపోతుంది.

ప్రశ్న: మా వంశవృక్షం 14 తరాలది. దాని మీద సదస్సులో మాట్లాడాలని ఉంది. దరఖాస్తు ఎలా చేయాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: పెద్ద సదస్సులు ప్రసంగాల ప్రతిపాదనలను చాలా నెలల ముందే ఆహ్వానిస్తాయి. శీర్షిక, సంక్షిప్త సారాంశం, ప్రసంగ క్రమం, వక్త పరిచయం, ఎవరికి ఉద్దేశించిందో, ఇవి పంపాలి. ఎంపిక చేసేవాళ్లు చూసేది ఒక్కటే: విన్నవాడు ఇంటికెళ్లి తన సొంత పనిలో వాడుకోదగ్గది ఇందులో ఏముంది?

14 తరాల పేర్లు చదివితే బంధువులకు పండగ, పరాయివాళ్లకు నిద్ర. వాటిలో చిక్కుముడి పడిన ఒక్క తరాన్ని తీసుకోవాలి. ఇంట్లో చెప్పే వరసలో కొడుకు అని ఉన్నవాడు రిజిస్టర్‌లో దత్తుడని తేలిందనుకుందాం. ఏది నిజం, ఎందుకు నిజం అన్నదే ప్రసంగం అవుతుంది. అమెరికాలో 1964 నుంచి పనిచేస్తున్న వంశావళి నిపుణుల ధ్రువీకరణ మండలి ఇందుకు ఐదు మెట్ల ప్రమాణం పెట్టింది. సాధ్యమైనంత విస్తృతంగా వెతకాలి. ప్రతిదానికీ ఆధారం ఎక్కడిదో రాయాలి. ఆధారాలను ఒకదానితో ఒకటి పోల్చాలి. వైరుధ్యాన్ని పరిష్కరించాలి. చివరికి తర్కంతో కూడిన తీర్మానం రాయాలి.

నోటి మాటను ఆధారంగా చూపడానికి జంకనక్కర్లేదు. పిచ్చుకుంట్లవారు గోత్రాలూ వంశాలూ పాడితే విన్న తరం ఇంకా ఉంది. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ రోజున, వాళ్లు ఎవరి దగ్గర విన్నారు అని రాసుకుని, అనుమతితో రికార్డు చేస్తే అదీ ఆధారమే. రిజిస్టర్‌తో పొసగని చోట దాచకుండా చెప్పాలి.

ప్రశ్న: డీఎన్‌ఏ పరీక్షలో దూరపు బంధువు అనుకున్న ఆయన చాలా దగ్గరివాడని వచ్చింది. పరీక్ష తప్పా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: పరీక్ష కంటే ముందు మేనరికాలను అనుమానించాలి. బావామరదళ్లకు పుట్టిన బిడ్డకు తాతలకు పైతరంలో ఎనిమిది మందికి బదులు ఆరుగురే ఉంటారు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో నాన్న వైపు తాతే అమ్మ వైపు ముత్తాత కూడా. ఇలా తరతరాలుగా జరిగితే ఇద్దరి మధ్య కలిసే డీఎన్‌ఏ పెరుగుతుంది. పరీక్ష చేసిన కంపెనీ లెక్క దాన్ని దగ్గరి చుట్టరికంగా చూపిస్తుంది. తూర్పు ఐరోపా యూదు కుటుంబాలకు ఇదే సమస్య కనుక, దాని మీద సదస్సుల్లో చెప్పే పాఠాలు తెలుగువాళ్లకూ పనికొస్తాయి. సొంత మేనరికాల పటం గీసి చూపించగలిగితే ఈ పాఠకురాలికి ప్రసంగాంశం దొరికినట్టే. వరసలు కుదిరే పెళ్లి అంటే ఏమిటో తెలియని శ్రోతలకు అది కొత్త సంగతి.

ప్రశ్న: మా తాతగారికి మరో కుటుంబం ఉండేది. ప్రసంగంలో చెప్పవచ్చా?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఆ కుటుంబంలో బతికున్నవాళ్లు ఒప్పుకుంటేనే. వందేళ్ల కిందటి కథే అయినా, వాళ్ల ఊరూ ఇంటిపేరూ వింటే మనవళ్లను గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. పైగా సదస్సులో చెప్పింది గదిలో ఆగదు. తెర మీది బొమ్మను ఫోన్లలో తీసుకుంటారు, ప్రసంగాన్ని రికార్డు చేస్తారు. కులం సంగతీ ఇంతే. పాత జాబితాలో ఉన్నంత మాత్రాన పేరుతో సహా చూపించాల్సిన పని లేదు.

డీఎన్‌ఏ ఫలితమైతే ఒక్కరిది కాదు, అన్నదమ్ములదీ పిల్లలదీ కూడా. 23అండ్‌మీ కంపెనీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి. 2025 మార్చిలో అదే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. సదస్సు ప్రదర్శనశాలలో తగ్గింపు ధర చూసి ఇంటిల్లిపాదికీ కిట్లు కొనే ముందు ఇంటిల్లిపాదినీ అడగాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ప్రసంగం ఖాయమైంది. విషయం కొట్టిన పిండే గానీ ఇంగ్లీషులో తడబడతారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పెద్దాయన తడబాటు కంటే శ్రోతల అయోమయమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఈ సంగతి మొదటి రెండు నిమిషాల్లో చెప్పకపోతే గంటసేపూ వాళ్లు తండ్రినీ కొడుకునూ కలిపేస్తారు. గోత్రం వేరు, ఇంటిపేరు వేరు అన్నది కూడా అప్పుడే చెప్పేయాలి.

రాసినది చూసి చదవకుండా, తెర మీద ఒక్కో పత్రం పెట్టి వేలు చూపించి చెబితే వాక్యాలు చిన్నవవుతాయి, భాష దానంతట అదే కుదురుతుంది. అక్షరాలు చివరి వరుసకు కనిపించేంత పెద్దగా ఉండాలి. ప్రశ్నలను కొడుకు పక్కన నిలబడి తెలుగులో అందించవచ్చు. ఆ ఏర్పాటుకు నిర్వాహకులను ముందే అడగాలి. గడియారం పెట్టుకుని ఇంట్లో మూడుసార్లు చెప్పించి, మూడోసారికి ఇంటిపేర్ల సంగతి ఏమీ తెలియని ఒకరిని శ్రోతగా కూర్చోబెట్టాలి. వాళ్లు ‘ఎవరి తాత?’ అని అడిగిన చోటల్లా ఒక చిన్న పటం చేర్చుకుంటే సరి.