చదువు మానిన విద్యార్థి రుసుము

విద్యార్థులారా! ఉన్నత పాఠశాల విడిచి కళాశాలలలో జేరబోవు మీరొక లెక్కను ముందుగా నేర్వవలయును. రుసుము చెల్లించిన పిదప మఱియొకచోట స్థలము దొరకవచ్చును. ఇంటి లేమియో వ్యాధియో చదువు మాన్పింపవచ్చును. అప్పుడా సొమ్మేమగును?

విశ్వవిద్యాలయ నిధుల సంఘమగు యు.జి.సి. 2018వ సంవత్సరమున నిట్లు నిర్ణయించెను. ప్రవేశమునకు బ్రకటించిన కడపటి దినమునకు 15 దినములకు దక్కువగాక ముందు మానినచో, స్వల్పమైన ఖర్చు మినహా, రుసుమంతయు మరల వచ్చును. ఆ పిమ్మట కడపటి దినము లోపల నూటికి 90, అది గడచిన 15 దినములలో 80, 30 దినముల వఱకు 50, ఆపైన శూన్యము. ధరావతు మాత్రము పూర్తిగా నీయవలయును. అసలు ధ్రువపత్రములను కళాశాల తనయొద్ద నుంచుకొనరాదు.

ఒక తండ్రి 20,000 రూపాయలు చెల్లించెననుకొనుడు. కుమారుడు కడపటి దినము గడచిన 10వ దినమున మానుచున్నానని వ్రాసియిచ్చినచో 16,000 వచ్చును. 20వ దినమున 10,000. 31వ దినమున నొక్క రూపాయియు రాదు. లెక్క కడపటి దినమునుండియే కాని, మీరు చేరిన దినమునుండి కాదు.

2024-25 సంవత్సరమునకు సెప్టెంబరు 30 వఱకు మానినవారికి రుసుమంతయు నిచ్చునట్లు ప్రత్యేక ప్రకటన వెలువడెను. కావున నేయేటి ప్రకటన నాయేట జదువుడు.

తరగతికి బోక యూరకుండుట మానుట కాదు. మానదలచిన దినముననే విన్నపము వ్రాసి యిచ్చి, ముట్టినట్లు రసీదు పొందుడు. సిగ్గుచే జేయు జాగు తలిదండ్రుల కష్టార్జితమును హరించును.