ఆచారము లేయే మార్గముల మాఱును?

ఆచారము అనాదియని మనలోఁ బెక్కండ్రు నమ్ముదురు. నిజమునకు మనుష్యులు ఒకరిని జూచి యొకరు నేర్తురు. నేర్చునపుడే కొంత మార్తురు. మార్చినవానిలో ఆదరణము గలవి మాత్రమే నిలుచును. జనగామకుఁ జేరువనున్న పెంబర్తి శిల్పులు ఒకప్పుడు దేవాలయములకును రథములకును ఇత్తడి రేకులు చెక్కిరి; నిజాముల కాలమునఁ బాన్‌దానులు చేసిరి; నేఁడు సన్మానసభల జ్ఞాపికలు చేయుచున్నారు. తండ్రి నేర్పిన సుత్తిదెబ్బ యదియే. కొనువాఁడు మాఱెను, వస్తువు మాఱెను.

భావముల విషయ మింతకంటెఁ జిక్కైనది. అదే సీమలోని పాలకుర్తికిఁ జెందిన సోమనాథుఁడు, పండితులు మెచ్చెడి చంపూపద్ధతిని విడిచి, బసవపురాణమును ద్విపదలో రచించెను. ద్విపద పాటకు లొంగును. అక్షరము రానివాఁడును విని నేర్చి మఱియొకనికి వినిపింపఁగలఁడు. బసవఁడు ఉపనయనమును నిరాకరించిన కథయు, మడివాలు మాచయ్య, కుమ్మరి గుండయ్యల భక్తియు అట్లే యూరూరఁ బ్రాఁకెను. తర్కము చేయలేని పనిని పాట చేసెను. అయినను, పుట్టుకచే నెక్కువతక్కువలు లేవన్న యా మతములోనే కొన్ని తరములకు భక్తుని కొడుకు పుట్టుకచేతనే భక్తుఁడయ్యెను. జంగము ఒక కులమయ్యెను! అనుకరణమునకు విచక్షణ లేదు. అది ఉపదేశముతోఁబాటు ఊరి యలవాటును గూడ మోసికొనిపోవును.

మహబూబాబాదు సీమలోని డోర్నకల్లును జూడుఁడు. ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పయిన అజరయ్య 1912లో అచ్చట నియమింపఁబడెను. 1939లో ప్రతిష్ఠితమైన యచ్చటి ప్రార్థనాలయమున హిందూ దేవాలయముల స్తంభములును మసీదుల గుమ్మటములును గలసియున్నవి. ఈ కలయిక మిక్కిలి ప్రశంసనీయము. కాని మాల మాదిగల భేదము సయితము క్రైస్తవ సంఘములలోఁ బ్రవేశించెను. ప్రార్థన యొక్కటియైనను పెండ్లి సంబంధములు పాతగీటు దాఁటలేదు. కులము శాస్త్రగ్రంథములచేతఁ గాక, పంక్తిభోజనముచేతను వివాహముచేతను తరమునుండి తరమునకు సాఁగుచుండును.

కేశవచంద్రసేనుని ప్రయత్నమున 1872లో వచ్చిన వివాహచట్టము సరిగా ఆ మూలమునే తాఁకెను. కాని దాని క్రింద వివాహమాడువారు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములవారము కామని చెప్పవలసి యుండెను. ఆదిబ్రహ్మసమాజమువారే దాని నెదిరించిరి. 1954 నాఁటి చట్టమున ఆ నిర్బంధము తొలఁగెను. దాని క్రింద ఇప్పటికిని వివాహమాడఁగోరువారి పేరులు వివాహాధికారి కచేరిలో 30 దినములు నోటీసుగా అంటింపఁబడును. దానిని ఊరివా రెవ్వరైనఁ జదువవచ్చును.